సముద్రం దగ్గర ఇంటి కిటికీలకు రాగి జాలీ వేయిస్తే నిలుస్తుందా? దోమలు ఆగుతాయా?

నిలుస్తుందండి, శుభ్రంగా వేయించుకోండి. మాది నరసాపురం దిగువన, ఉప్పుగాలి తగిలే ఊరు. ఇక్కడ జీఐ మెష్‌కి, అంటే జింకు పూత పూసిన ఇనప జాలీకి, తుప్పు పట్టడానికి ఎన్నో వానాకాలాలు అక్కర్లేదు. కానీ కొట్లో ఇత్తడిని కూడా రాగి అనే అంటగడతారు. ఎర్రగా ఉన్నదే తీసుకోండి, పసుపుపచ్చగా ఉన్నది వద్దు.

మా కొబ్బరితోటలో పెదనాన్న వేయించిన ఫిల్టర్ పాయింటు (లోతు తక్కువ గొట్టపుబావి) ఉండేది. అడుగు పైపుకి ఇత్తడి జాలీ చుట్టించారు. చుట్టూ రొయ్యల చెరువులు తవ్వాక నీళ్ళు ఉప్పెక్కాయి (చెరువులవాళ్ళు ఒప్పుకోరు, అది వేరే గొడవ). ఆనక నీళ్ళతో పాటు ఇసుకా రావడం మొదలెట్టింది. కుర్రాళ్ళు పైపు పైకి లాగితే జాలీ అల్లిక అల్లికలాగే ఉంది, రంగు మాత్రం ఎర్రబడింది. "చూశావా, అసలు రాగి తేలింది" అంటూ పెదనాన్న మురిసిపోయి బొటనవేలితో నొక్కారు. అప్పడంలా చిట్లిపోయింది. ఉప్పు ఇత్తడిలోని జింకును లాగేస్తుందండి, మిగిలేది బోలు రాగి. 90 పాళ్ళు రాగి, 10 పాళ్ళు జింకు కలిపి కంచు పేరుతో అమ్మే జాలీకి ఈ బాధ దాదాపు ఉండదు. ఉత్త రాగి కన్నా గట్టిది కూడా, పిల్లి దూకినా సొట్ట పడదు.

పశువులపాక వైపు కిటికీకైతే ఇత్తడి మాటే ఎత్తకండి. మూత్రంలోంచి వచ్చే అమ్మోనియాకి పగుళ్ళిస్తుంది. బ్రిటిషువాళ్ళ కాలంలో మన దేశంలోనే, గుర్రపుశాలల దగ్గర దాచిన తూటాల ఇత్తడి తొడుగులు వానాకాలంలో ఇలాగే చిట్లేవట.

కొనడానికి వెళ్ళేటప్పుడు జేబులో అయస్కాంతం వేసుకెళ్ళండి. రాగికీ ఇత్తడికీ అతుక్కోదు. మొన్న ఒక కొట్లో టక్కున అతుక్కుంటే "బలం కోసం కాస్త ఇనుము కలుపుతారండి" అన్నాడు కొట్టాయన! పూత పూసిన ఇనప జాలీ అది. రేటు మాత్రం రాగిదే.

బిగించేటప్పుడు ఇనప మేకులు కొట్టనివ్వకండి. ఉప్పుతేమలో రాగి పక్కనున్న ఇనుము ఇంకా తొందరగా తుప్పు పడుతుంది. వడ్రంగి వినడు, పక్కనుండి రాగి మేకులే కొట్టించండి. జాలీ కింద గోడకి ఆకుపచ్చ చిలుము చారలు దిగుతాయి, కంగారు పడకండి.

దోమలంటారా, రాగిని చూసి దోమ జడవదు. అంగుళానికి 16 నుంచి 18 కన్నాలుంటే దూరదు, అంతే. మావాళ్ళు జాలీకి వేలకు వేలు పోసి, సాయంత్రం వీధి తలుపు బార్లా తెరిచి కూర్చుంటారు.