టాయిలెట్ ఎక్కడ పెట్టాలో పైపునే అడగాలి

ఈసారి సిరిమానుకి విజయనగరం వెళ్లేసరికి మా అక్కయ్య ఇంట్లో మేస్త్రీ పని నడుస్తోంది. వాళ్ల అత్తగారికి మోకాళ్లు పట్టేశాయి, పెరటి చివరున్న దొడ్డిదాకా నడవలేకపోతున్నారు. అందుకని ఆవిడ గదికి ఆనించి టాయిలెట్ కడుతున్నారు. మేస్త్రీ గోడకి కన్నం కొట్టి, నాలుగంగుళాల పీవీసీ పైపు పరిచి, ఒక బకెట్ నీళ్లు గుమ్మరించాడు. తర్వాత సెప్టిక్ ట్యాంకు దగ్గర వంగి చెవి పెట్టి విన్నాడు. "దిగిపోయింది బాబూ, వాటం బాగుంది" అన్నాడు. వాటం అంటే పైపు వాలు. ఇన్‌స్పెక్షన్ అంటే అంతే.

మా మేనల్లుడు పక్కనే ఉన్నాడు. మూడేళ్ల కిందట ఇంగ్లండు వెళ్లాడు, ఈమధ్యే అక్కడ పాత టెర్రస్ ఇల్లు, అంటే పక్కిళ్లతో గోడలు కలిసి వరసగా ఉండే ఇల్లు కొన్నాడు. "మావయ్యా, మా ఇంట్లో మెట్ల కింద ఖాళీ ఉంది. మా అత్తగారు వచ్చేలోగా అక్కడ ఇలాంటిదే పెట్టించేస్తాను" అన్నాడు. నేనక్కడికి వెళ్లి పంతొమ్మిదేళ్లయింది. ఈ ఆలోచన వాడొక్కడిదే కాదు, అక్కడ ఇల్లు కొన్న ప్రతి మనవాడిదీ.

ముందు నేను అడిగేది ఒక్కటే: మీ ఇంటి నిలువు మురుగు గొట్టం, అంటే సాయిల్ స్టాక్, ఎక్కడుంది? మెట్ల కింద ఖాళీ ఉందనో, వాస్తుకి ఆ మూల బాగుందనో చోటు ఖాయం చేసుకుని, తర్వాత పైపు కోసం వెతకకండి. ఒక్క టాయిలెట్ నుంచి స్టాక్‌కి వెళ్లే కొమ్మ పైపు మామూలుగా 100 మిల్లీమీటర్లది ఉండాలి, విడిగా గాలి గొట్టం లేకపోతే పొడవు 6 మీటర్లు దాటకూడదు, మీటరుకి కనీసం 18 మిల్లీమీటర్ల వాటం ఉండాలి. అంటే 5 మీటర్ల దూరానికి పైపు 9 సెంటీమీటర్లు దిగాలి. ఆ పైపు లావుకి ఈ దిగుడు కూడా కలిపితే చెక్క నేల కింద చోటు సరిపోతుందా? చాలా ఇళ్లలో సరిపోదు. నేల తవ్వి మట్టిలో వేస్తే 80కి 1 వాటం చాలు గానీ, తవ్వకం ఖర్చు వేరు.

"మరి మోటారు పెట్టే రకం ఉందట కదా?" అన్నాడు. ఉంది. మలాన్ని రుబ్బి సన్న పైపులోంచి పంపే మాసరేటర్. దానికి ఒక షరతుంది: ఇంట్లో మామూలుగా వాలు మీద పోయే టాయిలెట్ ఇంకొకటి ఉండి తీరాలి. రాత్రి ఫ్లష్ చేస్తే మిక్సీ వేసినట్టు మోగుతుంది. తడి తుడుపు కాగితం ఒక్కటి పడినా మొరాయిస్తుంది. పెద్దవాళ్ల కోసమైతే నేను వద్దనే అంటాను.

కలిపేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఇక్కడ మనకి ఇంటి వాడుక నీళ్లూ వాన నీళ్లూ వీధి కాలువలోకే పోతాయి. అక్కడ చాలా ఇళ్లకి మురుగు లైను వేరు, వాన నీటి లైను వేరు. దగ్గరగా ఉంది కదా అని వాన గొట్టంలోకి కలిపితే అదంతా నేరుగా ఏటిలోకి పోతుంది. మ్యాన్‌హోల్ మూత ఎత్తి, పాత టాయిలెట్ ఫ్లష్ చేసి, నీళ్లు ఏ దారిన పోతున్నాయో కళ్లతో చూసుకోండి.

కాగితాల సంగతికొస్తే, ఇంటి లోపలి పనికి మామూలుగా ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదు గానీ బిల్డింగ్ కంట్రోల్, అంటే కట్టడం నిబంధనల ప్రకారం ఉందో లేదో చూసేవాళ్ల అనుమతి కావాలి. సొంతంగా సర్టిఫై చేసే అధికారం ఉన్న రిజిస్టర్డ్ ప్లంబర్లు ఉంటారు, కానీ మట్టిలో డ్రైన్ పని ఉంటే అది వాళ్ల చేతిలో లేదు. పైపు పూడ్చకముందే ఇన్‌స్పెక్టర్‌కి చూపించాలి. చివర్లో ఇచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ ఇంటి పత్రాలతో దాచుకోండి, అమ్మేటప్పుడు కొనేవాళ్ల లాయరు అడుగుతాడు. ఇదంతా విని మేస్త్రీ, "ఏటి బాబూ, దొడ్డికి కూడా దస్తావేజా?" అని నవ్వాడు.

చేతులు కడుక్కునే బేసిన్ తప్పనిసరి. వంటగదికీ టాయిలెట్‌కీ మధ్య తలుపుండాలి. గాలి ఆడాలి.

ఇక మనవాళ్ల దగ్గర తప్పక వచ్చే గొడవ, హెల్త్ ఫాసెట్. దాని గొట్టం కమోడ్‌లోకి జారితే మురికి నీళ్లు వెనక్కి తాగే నీళ్లలోకి పీల్చుకునే ప్రమాదం ఉందని అక్కడి నీటి నిబంధనలు దాన్ని అయిదో కేటగిరీలో, అంటే అన్నిటికన్నా ప్రమాదమైన దాంట్లో పెట్టాయి. మెయిన్స్‌కి, అంటే వీధిలోంచి వచ్చే తాగే నీటి లైనుకి, నేరుగా బిగించకూడదు, మధ్యలో గాలి ఖాళీ ఉన్న చిన్న ట్యాంకు ఉండాలి. మా ఇంట్లో అంత హంగామా లేదు, ఒక ప్లాస్టిక్ మగ్గు ఉంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నేల సంగతి మాత్రం నా అనుభవంతో చెబుతున్నాను. అక్కడ బాత్రూం నేలకి నహానీ ట్రాప్ ఉండదు. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు నేను ఆఫీసుకి వెళ్లాక, ఇక్కడ చేసినట్టే ఫినాయిల్ వేసి రెండు బకెట్లు గుమ్మరించి చీపురుతో తోసింది. పోయే దారి ఎక్కడుంది? సాయంత్రం నేను వచ్చేసరికి కింద హాలు సీలింగు గుమ్మడికాయలా ఉబ్బి లైటు మీంచి చుక్కలు పడుతున్నాయి. అమ్మ దాని కింద గిన్నె పెట్టి కూర్చుంది. ఆ రోజునుంచీ మా ఇంట్లో మాప్ కర్రే.

వాడు తిరిగెళ్లాక టేపు పెట్టి కొలిచాడట. మెట్ల కింద నుంచి స్టాక్‌కి 7 మీటర్ల పైచిలుకు. ఇప్పుడు వంటగది వెనక వాషింగ్ మెషీన్ మూలకి మార్చాడు, అక్కడినుంచి రెండు మీటర్లే. మెషీన్ ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు.