సూ, షయాన్ యోధుల చరిత్ర మీద పీహెచ్‌డీ: అమ్మాయిని పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ హిస్టరీ చివరి ఏడాదిలో ఉంది. 1876లో అమెరికాలోని లిటిల్ బిగ్‌హార్న్ నది దగ్గర అమెరికా సైన్యాధికారి కస్టర్ దళాన్ని మట్టికరిపించిన సూ, షయాన్ అనే ఆదివాసీ తెగల యోధుల జీవితాల మీద అమెరికాలో పీహెచ్‌డీ చేస్తానంటోంది. అయ్యే పనేనా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అయ్యే పనేనండీ. కాకపోతే ఆ తెగల నాయకులు సిట్టింగ్ బుల్ అంటే అభిమానం, క్రేజీ హార్స్ అంటే ప్రాణం అని దరఖాస్తులో రాస్తే సీటు రాదు. ఏ ఆధారం పట్టుకుని ఏ ప్రశ్న వేస్తోందన్నదే కమిటీ చూస్తుంది.

రెడ్ హార్స్ సంగతే తీసుకోండి. ఆ యుద్ధంలో పోరాడిన ఈ లకోటా (సూ తెగలో ఒక శాఖ) యోధుడు 1881లో గీసిన 42 బొమ్మలు ఉన్నాయి. ఆ కాలపు యోధుల బొమ్మల్లో పోరు సాధారణంగా కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. తల పైన చిన్న బొమ్మ వేసి గీతతో కలిపారంటే అది ఆ మనిషి పేరు. శత్రువును చంపడం కన్నా, బతికుండగా చేత్తోనో కర్రతోనో తాకి రావడం వాళ్లకు గొప్ప. కాబట్టి తుపాకీని కాదు, కర్ర ఎవరిని తాకుతోందో చూడాలి.

షయాన్ యోధుడు వుడెన్ లెగ్‌ది మరో చిక్కు. అతను ఎక్కువగా సైగల భాషలో చెప్పుకున్న జీవితాన్ని థామస్ మార్క్విస్ అనే డాక్టరు ఇంగ్లిష్‌లో రాయగా 1931లో అచ్చయింది. అందులో యోధుడి మాట ఎంత, డాక్టరు చేర్పు ఎంత? ఇలాంటి ప్రశ్న ఒక్కటి చాలు, దరఖాస్తు నిలబడుతుంది. 1983లో కార్చిచ్చు గడ్డిని కాల్చేశాక యుద్ధభూమిలో తవ్వకాలు చేసి, ఖాళీ తూటా తొడుగుల మీద ఫైరింగ్ పిన్ (తూటాను పేల్చే సూది) వదిలిన గుర్తులతో ఏ తుపాకీ ఎటు కదిలిందో పట్టుకున్నారు. వాంగ్మూలాలను వాటితో సరిచూడటం ఇంకో దారి.

మూడేళ్ల బీఏతో నేరుగా తీసుకునే అమెరికా వర్సిటీలు తక్కువ. ముందు ఇక్కడ ఎంఏ చేయించండి. జేఎన్‌యూలో కెనడా, అమెరికా, లాటిన్ అమెరికా అధ్యయనాల కేంద్రం ఉంది. హైదరాబాద్‌లో ఉంటే ఓయూ క్యాంపస్‌లోని పాత ఏఎస్‌ఆర్‌సీ (అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్), ఇప్పటి ఓయూసీఐపీ (ఓయూ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్) లైబ్రరీ అక్కరకొస్తుంది. ఆ రెండేళ్లలో 20–25 పేజీల పరిశోధన వ్యాసం ఒకటి రాసి పెట్టుకోవాలి. రైటింగ్ శాంపిల్‌గా అడిగేది అదే. సెమినార్ పేపర్‌ను అలాగే అతికించి పంపొద్దు. గడువులు చాలావరకు డిసెంబర్‌లోనే ఉంటాయి, ప్రొఫెసర్లకు సెప్టెంబర్‌లోనే మెయిల్ పెట్టాలి. ఫీజు మాఫీ, స్టైపెండ్ రెండూ ఇచ్చే పీహెచ్‌డీకి తప్ప వెళ్లొద్దు. ఈ సబ్జెక్టులో అప్పు చేసి మాస్టర్స్ చదివితే తీర్చడం కష్టం.

రిజర్వేషన్లలో, అంటే అమెరికాలో ఆదివాసీ తెగలకు కేటాయించిన ప్రాంతాల్లో, ఇంటర్వ్యూలు చేయాలంటే వర్సిటీ అనుమతి ఒక్కటే సరిపోదు. లకోటాలు ఉండే పైన్ రిడ్జ్ రిజర్వేషన్ లాంటి చోట తెగకు సొంత పరిశోధన సమీక్ష బోర్డు ఉంది. దానికి నెలలు పడుతుంది కనుక టైమ్‌టేబుల్‌లో ముందే కలుపుకోవాలి.

ఉద్యోగం మాట. యుద్ధభూమిని చూసుకునే నేషనల్ పార్క్ సర్వీస్ కొలువులు అమెరికా పౌరులకే. అక్కడ ప్రొఫెసర్ పోస్టులకు పోటీ విపరీతం. తిరిగొచ్చి ఇక్కడ పాఠాలు చెప్పాలనుకుంటే నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) రాయాలి, దాని చరిత్ర సిలబస్‌లో అధిక భాగం భారత చరిత్రే. ఎంఏలో ఉండగానే అది రాసేయమనండి. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే ఇక్కడ పరిశోధన చేసేటప్పుడు నెలకు రూ.37,000 వస్తుంది, అమెరికా కుదరకపోయినా చేతిలో ఒక దారి ఉంటుంది.