పెళ్లికి వైజాగ్ వస్తున్నారుగా, ముందు ఇది చదవండి

ఒరేయ్ నానీ,

మొన్న మా కోడలు, నిన్న నువ్వు, పొద్దున్నే మీ ఆఫీసు అమ్మాయెవరో, అందరూ ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు, పెళ్లికొస్తున్నాం సరే, వైజాగ్‌లో ఏం చూడాలి, ఎక్కడ తినాలి, రాత్రిళ్లు ఏమన్నా ఉంటుందా అని. మీ మావయ్య పెళ్లిపనుల్లో తలమునకలై ఉన్నాడు, వచ్చే చుట్టాల సంగతి నాకు అప్పజెప్పేశాడు. ఒక్కొక్కళ్లకీ విడిగా చెప్పే ఓపిక నాకు లేదు కాబట్టి అన్నీ ఇక్కడే రాసేస్తున్నా. మీ గ్రూపులో పెట్టెయ్.

ముందు నువ్వు పంపిన ప్లాన్ సంగతి. శుక్రవారం దిగడం, శనివారం అరకు వెళ్లి రాత్రి ముహూర్తానికి వచ్చెయ్యడం, ఆదివారం సింహాచలం, భీమిలి, యారాడ అన్నీ ఒకే రోజు, సోమవారం సబ్‌మెరైన్ చూసి రైలెక్కడం. ఫోన్లో చూసి రాసుకున్నదని తెలుస్తూనే ఉంది. సోమవారం సబ్‌మెరైన్‌కి సెలవు. అరకు ఇక్కడికి 115 కిలోమీటర్లు, అందులో సగం ఘాట్ రోడ్డు, పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి దిగొచ్చాక పీటల దగ్గర కూర్చునే ఓపిక ఎవరికుంటుంది? నీ స్నేహితులంటే ఏదో అనుకోవచ్చు, నువ్వు పెళ్లికూతురికి బావవి, ఎదురుకోలు దగ్గర నుంచీ కనిపించకపోతే మీ మావయ్య పైకేమీ అనడు గానీ పదేళ్లు గుర్తుపెట్టుకుంటాడు. కాబట్టి శనివారం ఎవరూ ఊరు దాటొద్దు. అరకు కావాలనుకుంటే సోమవారం పెట్టుకుని తిరుగు టికెట్ మంగళవారానికి మార్చుకో, సెలవు దొరకదంటే ఈసారికి వదిలెయ్. ఊళ్లో చూడ్డానికి తక్కువేం లేదు.

టికెట్లు ఇంకా తియ్యని వాళ్లకి ఒక మాట. కొన్ని రైళ్లు వైజాగ్ స్టేషన్‌కి రావు, దువ్వాడలో ఆగి అటు నుంచి అటే పోతాయి. అక్కడ దిగితే సామాన్లూ పిల్లలతో ఊళ్లోకి రావడానికి గంట పట్టినా పట్టొచ్చు. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే హాయి, సాయంత్రం హైదరాబాద్‌లో ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి ఇక్కడ ఉంటారు.

ఇంకో సంగతి, ఇది మే నెల. హైదరాబాద్ ఎండ వేరు, ఇక్కడి ఉక్కపోత వేరు. ఫోన్లో వేడి తక్కువే చూపిస్తుంది గానీ బయట పది నిమిషాలు నిలబడితే చొక్కా వీపుకి అంటుకుపోతుంది. పట్టుబట్టలు ముహూర్తానికి మాత్రమే, మిగతా వేళంతా నూలుబట్టలు. పదకొండు నుంచి నాలుగు దాకా బయట తిరగొద్దు, తిని పడుకోండి, ఎలాగూ రాత్రి జాగారమే కదా.

శుక్రవారం మధ్యాహ్నం ఒక నిద్ర తీసి నాలుగింటికి ఆర్కే బీచ్‌కి వెళ్లండి. ముందు కుర్సురా సబ్‌మెరైన్ చూసెయ్యండి. 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసిన అసలు జలాంతర్గామి అది, దాన్ని ఒడ్డుకి లాగి 2002లో మ్యూజియం చేశారు. లోపల నేవీలో పనిచేసి రిటైరైన వాళ్లే దగ్గరుండి చూపిస్తారు, అడిగితే ఓపిగ్గా చెప్తారు, మొహమాటపడకుండా అడగండి. అంత ఇరుకులో నెలల తరబడి మనుషులు ఎలా ఉన్నార్రా బాబూ అనిపిస్తుంది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కన్నంలోంచి వంగి, కాలెత్తి దాటాలి, మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులు కాబట్టి ఆవిడని రోడ్డుకి అవతల ఉన్న టీయూ-142 విమానం దగ్గరికి తీసుకెళ్లు, అదీ మ్యూజియమే. బుజ్జిదాన్ని మాత్రం సబ్‌మెరైన్‌లోకి తప్పక తీసుకెళ్లు.

అక్కణ్ణుంచి బీచ్‌లో నడుస్తూ మురీ మిక్చర్ తినండి. ఇది హోటల్లో అడిగితే రాదు, బండి దగ్గరే తినాలి. మరమరాలు, వేరుశనగపప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర, కాస్త కారం అన్నీ ఒక డబ్బాలో వేసి గరిటెతో టకటకా కలిపి, పైన నిమ్మకాయ పిండి, కాగితం పొట్లంలో పోసి ఇస్తాడు. తీసుకున్న వెంటనే తినెయ్యాలి, ఫొటోలు తీస్తూ కూర్చుంటే సముద్రం గాలికి మెత్తబడిపోతుంది. పక్కనే టమాటా బజ్జీ బండ్లుంటాయి, బజ్జీ మధ్యకి చీల్చి ఉల్లిపాయ కూరి ఇస్తారు, అదీ బాగుంటుంది. వేయించిన పీతలూ రొయ్యలూ అమ్మే బండ్ల దగ్గర మాత్రం ముందు మూకుడులో నూనె రంగు చూడు. నల్లగా ఉంటే నీ కడుపు నీ ఇష్టం.

ఇక సముద్రం. దీని గురించి నేను గట్టిగా చెప్తాను, ముసల్ది చాదస్తం అనుకున్నా ఫర్వాలేదు. మీ స్నేహితులకి ఈత వచ్చని చెప్పావు. స్విమ్మింగ్ పూల్లో వచ్చిన ఈత ఇక్కడ పనికిరాదు. ఆర్కే బీచ్‌లో ఒడ్డు కొంచెం దూరానికే లోతైపోతుంది, కెరటం వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుక జారిపోతుంది, నడుం లోతులో ఉన్న మనిషి ఒక్కసారిగా పడిపోతాడు, లేచేలోపు ఇంకో కెరటం. యారాడ చూడ్డానికి ఇంకా అందంగా ఉంటుంది, అక్కడా ఇదే ప్రమాదం. ఏటా బయటి ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లే పోతుంటారు. పాదాలు తడుపుకోండి, చాలు. ఇంకా సరదా ఉంటే రుషికొండ వెళ్లండి, అక్కడ లైఫ్‌గార్డులుంటారు, వాళ్లు ఈల వేస్తే బయటికి రావాలి. తాగినవాడు మాత్రం ఏ బీచ్‌లోనూ దిగకూడదు.

తాగడం అన్నాను కాబట్టి ఆ నైట్‌లైఫ్ సంగతీ చెప్పేస్తా. హైదరాబాద్, బెంగళూరు లెక్కలో ఊహించుకుని రావద్దు, మాది తొందరగా పడుకునే ఊరు. బీచ్ రోడ్డులో పెద్ద హోటళ్లలో బార్లున్నాయి, సిరిపురం వైపు కుర్రకారు కూర్చునే కాఫీ షాపులు బోలెడున్నాయి, అంతే. హైదరాబాద్ నుంచి సీసాలు మోసుకురావద్దు, బయటి రాష్ట్రం మందు ఇక్కడ పట్టుబడితే కేసు, పెళ్లి రోజున మీ మావయ్యని స్టేషన్‌కి తిప్పొద్దు. బీచ్‌లో కూర్చుని తాగితే పోలీసులు లేపుతారు, రాత్రిళ్లు డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలూ ఉంటాయి, కాబట్టి ఆటోలో వెళ్లి ఆటోలో రండి. నన్నడిగితే భోంచేసి తొమ్మిదింటికి బీచ్ రోడ్డు గోడ మీద కూర్చోవడమే ఇక్కడి నైట్‌లైఫ్. గాలి తిరిగి చల్లబడుతుంది, దూరంగా పోర్టు బయట లంగరేసిన ఓడల దీపాలు వరసగా కనిపిస్తాయి. అది చాలనివాళ్లు వరుణ్ బీచ్‌లో ఐనాక్స్‌కి పొండి, సెకండ్ షో చూసి బయటికొస్తే ఎదురుగా సముద్రమే.

శనివారం పొద్దున్న లేవగలిగినవాళ్లు ఐదింటికల్లా బీచ్ రోడ్డు మీదుండాలి. ఆ వేళకి వాహనాలు ఆపేస్తారు, రోడ్డంతా నడిచేవాళ్లదే, సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. అక్కణ్ణుంచి ఫిషింగ్ హార్బర్ దగ్గరే. మామూలు రోజుల్లో అయితే వేలంపాటల గోలతో దద్దరిల్లిపోతుంది. మీరొచ్చేది వేట నిషేధం రోజుల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లని సముద్రంలోకి వెళ్లనివ్వరు. బోట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని కట్టేసి ఉంటాయి, కొన్నిటికి రంగులేస్తుంటారు, నీడలో కూర్చుని వలలు బాగుచేస్తుంటారు. అదీ చూడదగ్గదే.

ఈ నిషేధం తిండికీ ముఖ్యమే. వైజాగ్ వచ్చాం కదా అని పెద్ద హోటల్లో వంజరం ఫ్రై, చందువా ఫ్రై అని ఆర్డర్ చేస్తే మే నెలలో వచ్చేది చాలావరకు ఐసులో పెట్టిన సరుకే, రేటు మాత్రం తాజా చేప కన్నా ఎక్కువ. తెప్పల మీద ఒడ్డు దగ్గరే వల వేసేవాళ్లు తెచ్చే కవళ్లు, కానాగంతలు దొరికితే అదృష్టం, అవి హోటళ్ల దాకా రావు, ఆదివారం మా ఇంటికొస్తే పులుసు పెడతాను. రొయ్యలకి ఢోకా లేదు, చెరువుల్లో పెంచేవి, ఏడాదంతా ఉంటాయి. శనివారం మాత్రం నీచు ముట్టొద్దు, పెళ్లి నాడు.

టిఫిన్లకి ద్వారకానగర్‌లో సాయిరాం పార్లర్, లేకపోతే వెంకటాద్రి వంటిల్లు. సెలవు రోజు ఎనిమిది దాటితే నిలబడాలి, ముందే వెళ్లండి. భోజనానికి దసపల్లా, అత్తగారిని నిశ్చింతగా తీసుకెళ్లొచ్చు. బిర్యానీకి జగదాంబ దగ్గర ఆల్ఫా. హైదరాబాద్ బిర్యానీతో పోల్చి పేర్లు పెట్టకండి, ఇక్కడివాళ్లకి దాని మీద పట్టింపు ఉంది. ఈ వేడిలో అన్నిటికన్నా మంచిది రోడ్డు పక్క తాటిముంజలు. ఎదురుగా కాయ కొట్టించుకుని తినండి, పొద్దున్నే తీసి కవర్లో పెట్టినవి వద్దు.

శనివారం టిఫినయ్యాక ఎండెక్కేలోగా అత్తగారిని, మా కోడలిని బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి పంపు. అమ్మవారికి పైన కప్పుండదు, ఎవరి పూజ వాళ్లే చేసుకోవచ్చు, ఆడవాళ్లకి ఎంతో తృప్తిగా ఉంటుంది. పాతబస్తీలో సందులు ఇరుకు, కారు వద్దు, ఆటో. తిరిగొచ్చి పడుకోండి. ఐదింటికల్లా అందరూ తయారై ఎండాడ మండపంలో ఉండాలి.

ఆదివారం మీరెలాగూ మధ్యాహ్నానికి గానీ లేవరు. మా ఇంట్లో భోంచేసి నాలుగు కాగానే భీమిలి రోడ్డు పట్టండి. రుషికొండ దాటాక తొట్లకొండ వస్తుంది, రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ సన్యాసులున్న చోటు, ఇటుక పునాదులు, రాతిలో తొలిచిన నీళ్ల తొట్లు, కింద సముద్రం. అక్కడ నీడుండదు, నీళ్లు పట్టుకెళ్లండి. ఇంకా ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు, సాయంత్రం ఎండ పడితే ఆ ఎరుపు ఫొటోల్లోకి రాదు. జాతీయ భూవారసత్వ స్థలం అది, గట్లెక్కి మట్టి జారగొట్టొద్దని పిల్లలకి చెప్పు. చీకటి పడేసరికి భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే దగ్గరుంటారు. డచ్చివాళ్ల సమాధులు కూడా ఉన్నాయి, చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లకి. కారు దొరకకపోతే 900కె బస్సు భీమిలి పోతుంది.

కైలాసగిరి గురించి అడిగావు. రోప్‌వే, పిల్లల రైలు, పైనుంచి ఒడ్డంతా ఒంపు తిరిగి కనిపించడం, బుజ్జిది ఉంది కాబట్టి ఒక గంట వెళ్లొచ్చు. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు, జాతర.

సోమవారం అరకు వెళ్లని వాళ్లు పొద్దున్నే సింహాచలం వెళ్లండి. అప్పన్న స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటాడు, నిజరూపం అక్షయతృతీయ నాడొక్కటే. ఆ రోజు తప్పితే మీకు కనిపించేది చందనపు ముద్దే, అత్తగారికి ముందే చెప్పి ఉంచు, లేకపోతే వెలితి పడతారు. కప్పస్తంభాన్ని కౌగిలించుకుని మొక్కుకోవడం ఆనవాయితీ. ఇక్కడ పెళ్లిళ్లలో అప్పలరాజూ అని పిలిస్తే నలుగురు ఎందుకు తిరుగుతారో గుడికెళ్తే అర్థమవుతుంది.

అరకు వెళ్లేవాళ్లు కిరండూల్ రైలెక్కండి, పొద్దున్న ఏడులోపే బయల్దేరుతుంది. ఇనుప ఖనిజం కోసం వేసిన లైను అది, అరకు లోపు పదుల కొద్దీ సొరంగాలు, బుజ్జిది ప్రతిదానికీ అరుస్తుంది, అరవనీ. అద్దాల కప్పుండే విస్టాడోమ్ పెట్టెలో సీట్లు ముందే అయిపోతాయి, ఈ రాత్రే చూడు. వచ్చేటప్పుడు కారు మాట్లాడుకుని అనంతగిరి మీదుగా, బొర్రా గుహలు చూసుకుంటూ దిగండి. గుహల్లో మెట్లు చాలా, తడిగా ఉంటాయి, అత్తగారు పైనే కూర్చుంటారు. కోతులు చేతిలో ఏముంటే అది లాక్కుంటాయి. బొంగులో చికెన్ అక్కడే తినండి. మసాలా పట్టించిన ముక్కలు పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు, నూనె చుక్క ఉండదు. మీ కళ్లముందు కాల్చినదే తీసుకోండి, ముందే కాల్చి పక్కన పెట్టింది మళ్లీ వేడిచేసి ఇస్తే ఎండిపోయి పీచులా ఉంటుంది.

తిరిగి పట్టుకెళ్లడానికి మాడుగుల హల్వా నేను తెప్పిస్తాను, గోధుమపాలు, నెయ్యితో చేసేది, ఫ్రిజ్ అక్కర్లేదు. బుజ్జిదానికి ఏటికొప్పాక లక్కబొమ్మలు లేపాక్షి షోరూమ్‌లో చూడు. హల్వా ఎవరికెన్ని కేజీలో, అరకు ఎవరెవరు వెళ్తున్నారో, రూముల్లో ఏసీ వద్దనేవాళ్లు ఎవరన్నా ఉన్నారో బుధవారం లోపు రాసి పంపు. గోదావరిలో మీ బోగీ నంబరు కూడా పంపు, స్టేషన్‌కి బండి పంపిస్తాను.

మీ పిన్ని