హాజరు పుస్తకం నువ్వే రాయి

చిరంజీవి శ్రీనుకి మావయ్య ఆశీస్సులు.

పర్లాకిమిడిలో జీడిపిక్కల ఫ్యాక్టరీ పెడుతున్నావని అక్క ఫోనులో చెప్పింది. యంత్రాల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. మనుషుల లెక్క గురించి మాత్రం నేను చెప్పాలి, అందులో దెబ్బ తిన్నవాణ్ణి.

రాయగడలో షెడ్డు తెరిచిన రెండో ఏడు గుణుపురం వైపు నుంచి నలుగురు సవర ఆడపిల్లలు పనికి వచ్చారు. ‘ఉంటారో పోతారో, నెల గడిచాక పేర్లు రాద్దాం’ అన్నాడు గుమస్తా. సరేనన్నాను. పదకొండో రోజున ఒకామె బొటనవేలు కోత మిషనులో నలిగింది. కార్మికుల ప్రభుత్వ బీమా ఈఎస్‌ఐలో పేరుంటే పని గాయానికి చేరిన రోజు నుంచే వైద్యం, భత్యం దక్కేవి. విశాఖ ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టుకున్నాను, దానికి బాధ లేదు. కుట్లు విప్పాక ఆమె వచ్చి ఎడమ చేత్తో పప్పు ఏరుతుంటే అటు చూడలేకపోయాను.

పదిమంది ఉంటే ఈఎస్‌ఐ, ఇరవైమంది ఉంటే పీఎఫ్. ఈఎస్‌ఐకి నీ వాటా జీతంలో 3.25 శాతం, వాళ్లది 0.75. తొమ్మిదిమందినే చూపించమనే కన్సల్టెంటు వస్తే టీ ఇచ్చి పంపించెయ్యి. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ఇప్పుడు ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలి. కాగితం ఒడియాలో ఉన్నా తెలుగులో ఉన్నా, సవర మాట వచ్చిన మేస్త్రీ చేత చదివించి చెప్పించు.

కిలో లెక్కన కూలి ఇచ్చేటప్పుడు ఒక చిక్కు ఉంది. పిక్క సరిగా ఉడకని రోజున పప్పు విరిగిపోతుంది, తూకం తగ్గుతుంది. తప్పు బాయిలరుది, నష్టం ఆమెది! అలాంటి రోజున కూడా కనీస వేతనం కంటే తక్కువ చేతిలో పెట్టకు. ఓవర్‌టైముకు కూలి రెట్టింపు.

పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. గ్లౌజులు కొనిస్తే, పిక్క పట్టు దొరకడం లేదని వాళ్లు పక్కన పడేస్తారు. విసుక్కోకు. రెండు మూడు రకాలు తెచ్చి వాళ్లనే ఎంచుకోనివ్వు. కుళాయి దగ్గర సబ్బు అయిపోకుండా చూసుకో, నేను చాలాసార్లు మరిచిపోయాను.

జీతం ఏడో తేదీలోగా, పీఎఫ్, ఈఎస్‌ఐ చలానాలు పదిహేనులోగా కట్టెయ్యి. హాజరు పుస్తకం గుమస్తాకు వదలకు, రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి నువ్వే రాయి. దీపావళికి వస్తాను, తీసి ఉంచు.

మీ మావయ్య