తిరగ్గొట్టే ముందు ఒక్క మాట

టి.నగర్, చెన్నై

చిరంజీవి చిన్నాకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన లింకులన్నీ తెరిచి చూశాను. వికీపీడియాలో ఆ పాతతరం నటి వ్యాసం చరితం, అదే ఎవరు ఎప్పుడేం మార్చారో చూపే పేజీ, చదువుతుంటే నాకే ఆయాసం వచ్చింది. ఆవిడ బంధువునంటూ ఒకతను వివరాలు పెట్టడం, నువ్వు తీసెయ్యడం, అతను మళ్ళీ పెట్టడం, నువ్వు మళ్ళీ తిరగ్గొట్టడం. దిద్దుబాటు సారాంశంలో ప్రతిసారీ నువ్వు రాసింది రెండే మాటలు, ‘మూలం లేదు’. అతను రాసిందీ ప్రతిసారీ ఒకటే, ‘ఆవిడ మా నాయనమ్మకు స్వయానా చెల్లెలు, నాకే మూలం చెప్తావా’. వికీపీడియాలో ఎవరి మాట నిజమో తేల్చరు, ఎక్కడ అచ్చయిందో చూస్తారు. ఈ సంగతి నీకు తెలుసు, అతనికి ఇంకా తెలీదు. తెలిసినవాడివి నువ్వు కాబట్టి ముందు తగ్గాల్సింది కూడా నువ్వే.

అతను చేర్చినవి మూడు. పుట్టిన సంవత్సరం, పుట్టిన ఊరు, ఆవిడ కూతురి కాపురం గురించి ఒక వాక్యం. నువ్వు మూడింటినీ ఒకే గాటన కట్టి ఊడ్చేశావు. వాటిని విడదీసి చూడు. తల్లి పోయి చాలాకాలమైంది, కూతురు మన ఊళ్ళోనే బతికి ఉంది. వ్యాసం తల్లిదే అయినా, అందులో కూతురి మీద రాసిన మాటకు జీవించి ఉన్నవారి నియమమే వర్తిస్తుంది. కాబట్టి ఆ వాక్యానికి ‘ఆధారం కావాలి’ అని మూస, అంటే వ్యాసంలో కనబడే హెచ్చరిక చీటీ, తగిలించి కూర్చోవడాలు లేవు. కనబడిన క్షణమే తీసెయ్యాలి, అడగడాలు ఆ తర్వాత. ఒకే రోజులో మూడుసార్లకు మించి తిరగ్గొట్టకూడదని ఇంగ్లీషు వికీలో గట్టి నియమం ఉన్నా, బతికున్న మనిషి పరువు తీసే ఆధారం లేని మాటను తొలగించడానికి అందులో మినహాయింపు ఉంది.

ఇంత పట్టుదల ఎందుకంటావేమో. 2005 మేలో అమెరికాలో జాన్ సీగెన్‌థాలర్ అనే పత్రికా సంపాదకుడి పేరున ఎవడో ఒక వ్యాసం పెట్టాడు. కెనెడీ సోదరులిద్దరి హత్యల్లోనూ ఈయన మీద అనుమానం ఉందని అందులో రాశాడు. తీరా చూస్తే ఈయన రాబర్ట్ కెనెడీ దగ్గర పనిచేసిన మనిషి. ఆ రాత నాలుగు నెలలు అలాగే ఉండిపోయింది. చివరికి నవంబరులో ఆ పెద్దాయనే ‘యుఎస్ఎ టుడే’లో తన గోడు రాసుకున్నాడు. రాసినవాణ్ణి పట్టుకుంటే, తోటి ఉద్యోగిని ఆటపట్టించడానికి చేశానన్నాడు. ఖాతా లేనివాళ్ళు ఇంగ్లీషు వికీలో కొత్త వ్యాసాలు మొదలుపెట్టకుండా కట్టడి చేసింది ఆ గొడవ తర్వాతే. ఇక ఆ కూతురు ఎవరో నీకు తెలీకపోవచ్చు గానీ ఆవిడ అపార్ట్‌మెంట్‌లో వాళ్ళకి తెలుసు, వాళ్ళ ఫోన్లలోనూ వికీపీడియా వస్తుంది.

మిగతా రెండింటికీ ఆ తొందర అక్కర్లేదు. పోయినవాళ్ళ పుట్టిన తేదీ వ్యాసంలో నాలుగు రోజులపాటు తప్పుగా ఉన్నా కొంప మునగదు. మూస పెట్టు, చర్చా పేజీలో రాయి, ఆగు. ఆధారం చూపించే బాధ్యత చేర్చినవాళ్ళదే, అందులో మొహమాటం లేదు. అయితే ఆ మాటను రూల్సు పుస్తకంలా మొహాన కొట్టకు. నువ్వు అతని సొంత చర్చా పేజీలో (వాడుకరి చర్చలో) పెట్టిన ఆ ఎర్ర హెచ్చరిక పెట్టె చూస్తే నాకే కోపం వచ్చింది, అతనికి రాదా?

అతను అబద్ధాలకోరు అని నాకనిపించడం లేదు. వాళ్ళ నాయనమ్మ నోట విన్నదే రాస్తున్నాడు. ఇంటి మనిషి మాట ఎందుకు చెల్లదని అడిగితే, అమెరికన్ నవలాకారుడు ఫిలిప్ రాత్ సంగతి చెప్పు. తన నవలకు ప్రేరణ ఫలానా మనిషి అని వికీలో రాస్తే, కాదు మొర్రో అని 2012లో స్వయంగా రచయితే మొత్తుకున్నాడు. ఆయన మాటొక్కటే చాలదు, అచ్చయిన ఆధారం కావాలన్నారు. దాంతో ‘ది న్యూయార్కర్’ వెబ్‌సైటులో బహిరంగ లేఖ రాశాడు, అదొచ్చాక ఆ లేఖే ఆధారమైంది. వినడానికి వెటకారంగా ఉంటుంది గానీ, నాకైతే ఆ పద్ధతే సబబు. ఇంటర్నెట్లో ‘నేను ఫలానా వారి మనవణ్ణి’ అన్నవాడు నిజంగా మనవడో కాదో నీకెలా తెలుస్తుంది?

మనవడే అయితే మాత్రం మన పంట పండినట్టే. అతను ఆధారం కాకపోవచ్చు, ఆధారాలుండే బీరువా తాళాలు అతని దగ్గరే ఉంటాయి. ఈ కుటుంబాల్లో సన్మాన సంచికలు, షష్టిపూర్తి సంచికలు, కత్తిరించి దాచిన పత్రికల పేజీలు ఏ ట్రంకు పెట్టెలోనో పడి ఉంటాయి. వాటి విలువ వాళ్ళకే తెలీదు. అందుకని చర్చా పేజీలో ఇలా రాయి:

‘నమస్కారమండీ. మీరు ఆవిడ బంధువులని రాశారు, చాలా సంతోషం. మీరు చెప్పిన జనన వివరాలు వ్యాసంలో నిలవాలంటే అవి అచ్చయిన చోటు ఒకటి చూపించాలి. మీ ఇంట్లో ఆవిడ గురించి వచ్చిన పాత పత్రికలు, సన్మాన సంచికలు ఏమైనా ఉన్నాయా? పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు చెబితే చాలు, మూలంగా నేను చేరుస్తాను.’

ఇంతే. నిబంధనల లింకులు పన్నెండు పెట్టకు. ‘మీరు అర్థం చేసుకోవాలి’ అనే మాట అసలు వద్దు.

ఇప్పుడు సంవత్సరం సంగతి. నువ్వు 1927 అంటున్నావు, అతను 1928 అంటున్నాడు, ఇద్దరూ కత్తులు నూరుతున్నారు. అతని మూడో దిద్దుబాటు ఓపిగ్గా చదివావా? ‘ప్రభవ నామ సంవత్సరం పుష్య బహుళ పంచమి’ అని రాశాడు. ప్రభవ 1927 ఉగాదికి మొదలై 1928 ఉగాది దాకా నడిచింది. పుష్య బహుళం వచ్చేసరికి జనవరిలో పడ్డాం. అంటే తిథి లెక్కన అతని 1928 సరైనదే. నువ్వు చూసిన సినిమా సైటువాడు ప్రభవ అంటే 1927 అని పట్టికలో చూసి రాసేసి ఉంటాడు. మన పాతతరం వాళ్ళ విషయంలో ఈ ఒక్క ఏడాది తేడా ఎక్కడ కనబడినా ముందు అనుమానించాల్సింది ఉగాదినే. ఆ తర్వాత బడి రికార్డు. చేర్చుకునేటప్పుడు మాస్టారు తోచిన తేదీ వేసేవారు, పెన్షన్ దాకా అదే నడిచేది.

అలాగని నువ్వే పంచాంగం ముందేసుకుని తేల్చిపారెయ్యకు. తిథి అచ్చులో దొరికితే ఉన్నదున్నట్టు రాసి, ఇంగ్లీషు తేదీ పక్కన వెయ్యి. రెండు సంవత్సరాలకీ మంచి ఆధారాలుంటే రెండూ ఉంచు. అల్లూరి సీతారామరాజు అంతటి మనిషికే జులై 4 మీద తగువు లేదు గానీ, సంవత్సరం కొందరు 1897 అంటారు, కొందరు 1898 అంటారు. పుట్టిన ఊరు పాండ్రంగి అనీ మోగల్లు అనీ రెండు మాటలున్నాయి. ఏది ఏ పుస్తకంలో ఉందో చెప్పేసి పక్కకు తప్పుకుంటే చదివేవాడు చూసుకుంటాడు.

ఊరి విషయంలో మాత్రం నాకు నీ వైపే మొగ్గుంది. ‘జననం: చెన్నై’ అని అతను ఎక్కడినుంచి తెచ్చాడో ఊహించగలను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా నెల్లూరైనా కావలైనా మద్రాసు కిందే లెక్క. పాత పుస్తకాల్లో ‘కావలి, మద్రాసు ప్రెసిడెన్సీ’ అని ఉంటే, ఒకడు కావలి వదిలేసి మద్రాసు రాస్తాడు. 1996లో ఊరి పేరు మారాక ఇంకొకడు దాన్ని చెన్నై చేస్తాడు. ఇలా సినిమాల కోడంబాక్కం మొహం పాతికేళ్ళొచ్చాక చూసినవాళ్ళంతా వికీలో చెన్నైలో పుట్టేశారు.

ఇంకో జాగ్రత్త. అతను రేపు నాలుగు వెబ్‌సైట్ల లింకులు తెచ్చి పెడతాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే సైట్లు అవి. ఒక్కొక్కటీ తెరిచి తేదీ చూడు, తర్వాత మన వ్యాసం చరితంలో ఆ వాక్యం ఎప్పుడు చేరిందో చూడు. సైటు తేదీ తర్వాతదై, వాక్యంలో మన అచ్చుతప్పు కూడా అలాగే ఉంటే, వాళ్ళు మన దగ్గరే ఎత్తారన్నమాట. పెద్ద పత్రికలకూ ఇది తప్పలేదు. 2009లో జర్మనీలో గుట్టెన్‌బర్గ్ అనే ఆయన మంత్రి అయినప్పుడు, ఆయనకున్న చాంతాడంత పేరులో ‘విల్‌హెల్మ్’ అని ఇంకోటి ఎవరో వికీలో ఇరికించారు. మర్నాడు పత్రికలు అదే అచ్చేశాయి. ఆ పేరుకు ఆధారమేదని అడిగితే వికీలో ఆ పత్రికనే చూపించారు!

అవార్డుల మాట తేలిక. పద్మ పురస్కారాలు 1954 నుంచి ఎవరికిచ్చారో కేంద్రం జాబితాలో ఉంది, పేరుంటే ఉంది, లేకపోతే లేదు. కులం వాక్యం ఎవరు పెట్టినా తీసెయ్యి, ఆవిడ నటనకూ దానికీ సంబంధం లేదు. నా మాట ఛాదస్తం అనుకున్నా సరే.

నువ్వు ఇంతవరకు చెయ్యని పని ఒకటుంది, గూగుల్ దాటి వెతకడం. ఆవిడ పనిచేసిందంతా మద్రాసులో. సినిమా పత్రికలు అచ్చయిందీ ఇక్కడే. 1914 నుంచి దినపత్రికగా ఆంధ్రపత్రిక వచ్చిందీ ఈ ఊరినుంచే, దాని పాత సంచికలు ప్రెస్ అకాడమీ వాళ్ళు స్కాన్ చేసి నెట్లో పెట్టారు. ఎగ్మోర్‌లో కన్నెమరా గ్రంథాలయం ఉంది. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం కాపీ చేరాలని 1954 చట్టం చెప్పిన నాలుగు లైబ్రరీల్లో అదొకటి. ఓఎంఆర్‌లో ఆఫీసు, ఎగ్మోర్‌కు లోకల్ ట్రైను, ఇంకేం కావాలి నీకు? దొరికిన పేజీకి ఫోటో తీసేముందు లోపలి అట్ట మీది వివరాలు కూడా రాసుకో. ప్రచురణకర్త, సంవత్సరం, పేజీ నంబరు లేని మూలం మళ్ళీ ఇంకొకడితో తగువుకే.

ఈలోగా కూతురి మీద వాక్యం మళ్ళీ వస్తే నన్ను అడగకుండానే తీసెయ్యి. అతను లాయరు నోటీసు ఊసెత్తితే జవాబివ్వకు, నిర్వాహకుల దృష్టికి తీసుకెళ్ళి ఊరుకో. మిగతా రెండూ ఒక నెల అలాగే ఉండనీ. అతను ఏ సంచికో స్కాన్ చేసి పెడితే ముందు థాంక్స్ చెప్పు, ఆ తర్వాతే అందులో తప్పులు వెతుకు. శనివారం కన్నెమరాకు వెళ్ళేట్టుంటే ముందురోజు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను. ఆ కేటలాగులో తెలుగు పేర్లు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో నీకు తెలీదు.

ఇట్లు,
పెద్దమ్మ