సమాధానం: త్రిహెమియోలియా నమూనాలో డెక్ మీద సైనికులు పట్టడం లేదు

త్రిహెమియోలియా (ప్రాచీన గ్రీకుల తెడ్ల యుద్ధనౌక) నమూనా ఓడ డెక్ మీద 120 మంది సైనికుల బొమ్మలు పట్టడం లేదన్నారు. బహుశా మీరు తీసుకున్న లెక్కే తేడా. 120 మంది సైనికులన్నది క్రీ.పూ. 256లో సిసిలీ తీరాన ఎక్నోమస్ దగ్గర పోరాడిన పెద్ద రోమన్ యుద్ధనౌక క్విన్‌క్విరీమ్‌ది. సముద్రపు దొంగలను వెంటాడిన గ్రీకు ద్వీపం రోడ్స్ వాళ్ల త్రిహెమియోలియా అంతకంటే చాలా చిన్నది. వేగమే దాని బలం.

1. సంఖ్య బాగా తగ్గించండి. మూడు వరుసల తెడ్లున్న ఏథెన్స్ యుద్ధనౌక ట్రైరీమ్‌లోనే మామూలుగా 10 మంది కవచధారులు, నలుగురు విలుకాళ్లు.

2. విలుకాళ్లను, ఒడిసెల వాళ్లను ఎక్కువగా పెట్టండి. ఒడిసెలకు రోడ్స్ పెట్టింది పేరు. వాటికి రాళ్లు కాదు, సీసపు గుళ్లు.

3. అందరూ వదిలేసేది ఇదే: బొమ్మలను కూర్చోబెట్టండి. పైన మనుషులు అటూ ఇటూ కదిలితే ఓడ ఒరుగుతుంది, తెడ్ల లయ చెడుతుంది. కూర్చునే ఈటె విసరడం నేర్చుకోవలసిన విద్య. క్రీ.పూ. 413లో ఏథెన్స్ వాళ్లు నేల మీది ఈటెగాళ్లను ఓడలెక్కిస్తే, శత్రువులైన సిరక్యూజ్ (సిసిలీలోని నగరం) వైపు వాళ్లు తేలిగ్గా తీసిపారేసింది అందుకే.

4. దొంగల ఓడను తాకే క్షణం చూపిస్తుంటే మాత్రం ముందు భాగంలో ఇద్దరు ముగ్గురిని నిలబెట్టవచ్చు.