లాకు ఎక్కడ పెట్టాలి?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. చక్కెరకేళీ గెల చుట్టూ ముసిరే చిన్న ఈగలతో మొదలుపెట్టావు. రావులపాలెం అరటి మార్కెట్ చూసినవాళ్లకు ఆ ఈగలు కళ్ల ముందే కదులుతాయి. ఆ భాగం ముట్టుకోకు.

ఇబ్బందంతా మూడో పేరాలో ఉంది. జన్యువు పని మొదలవడాన్ని కాలువలో పడవల్ని ఆపి దాటించే లాకు తలుపులు తెరవడంతో పోల్చావు. పోలిక మన కాలువ గట్టుదే, నాకు ఇష్టమైనదే. కానీ లాకును తప్పుచోట పెట్టావమ్మా. టీఎఫ్-టూ-డీ అనే ప్రోటీన్ల గుంపు డీఎన్‌ఏ మీద వాలుతుంది, మిగతా ప్రోటీన్లు వచ్చి చేరతాయి, ఆర్‌ఎన్‌ఏ రాసే పాలిమరేజ్ అక్కడ కుదురుకుంటుంది. ఇది రేవులో పడవకు సరుకెత్తడం. లాకు ఇంకాస్త దిగువన ఉంది.

హెచ్‌ఎస్‌పీ-70 జన్యువును చూడు, వేడి దెబ్బను తట్టుకోవడానికి పనికొచ్చే ప్రోటీన్ జన్యువు అది. ఈగకు వేడి తగలకముందే పాలిమరేజ్ బయల్దేరి, 20 నుంచి 40 అక్షరాలు రాసి, అక్కడ ఆగి ఉంటుంది. వేడి తగిలిందా, నిమిషాల్లో కదులుతుంది. నీళ్లు సమానమయ్యేదాకా లాకులో ఆగిన పడవ అంటే అదీ! 1962లో ఇటలీ శాస్త్రవేత్త ఫెరుచియో రిటోస్సా, వేడి తగిలిన ఈగ లార్వాల క్రోమోజోముల మీద కొత్త ఉబ్బులు చూసి రాశాడు. ఆ ఉబ్బులు పని మొదలుపెట్టిన జన్యువులే. ఆయన్ని ఒక్క వాక్యంలోనైనా తీసుకురా.

ఇంకొకటి. ప్రతి జన్యువు ముందూ టాటా బాక్స్, అంటే టీఎఫ్-టూ-డీ పట్టుకునే డీఎన్ఏ గుర్తు, ఉంటుందన్నావు. నేనూ ఒకప్పుడు అలాగే రాశాను. అచ్చయ్యాక తెలిసింది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఈగ జన్యువుల్లో చాలావాటికి టాటా ఉండదు. 1996లో అమెరికాలో కడొనాగా అనే శాస్త్రవేత్త బృందం వాళ్లు, అలాంటి జన్యువుల్లో రాత మొదలయ్యే చోటికి సుమారు 30 అక్షరాల దిగువన మరో గుర్తు ఉందని చూపించారు. టీఎఫ్-టూ-డీ దాన్నీ పట్టుకుంటుంది. టాటా మాత్రం, ఉన్నచోట, రాత మొదలయ్యే చోటికి దాదాపు అంతే దూరంలో ఎగువన ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర పెరిగినదానివి, ఎగువ దిగువల సంగతి నీకు నేను చెప్పాలా? ఆ రెండు మాటలే వాడు, పాఠకుడికి వేరే వివరణ అక్కర్లేదు.

టెన్షన్ పడకు, వ్యాసమంతా తిరగరాయక్కర్లేదు. శనివారం లాకుల దగ్గరికి వెళ్లి తలుపుకు అటూ ఇటూ నీటిమట్టం చూసి రా. తర్వాత ఆ పేరా ఒక్కటీ మళ్లీ రాసి, పత్రికకు పంపేముందు నాకు చదివి వినిపించు.